మూడు చోట్ల వాడితేనే మాట

మార్చి 3, సోమవారం

గుండుసూదిని బడికి రావద్దన్నారు. కారణం నేనట. సంతోషం.

సంతోషం అని రాశాను కదా, కొట్టెయ్యను. ముప్పై ఒక్క ఏళ్లు లిఫ్టు నడిపినవాణ్ణి. నా వల్ల జనం పైకి వెళ్లారు, కిందికి వచ్చారు. అంతే తప్ప నా వల్ల ఫలానాది జరిగిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

గుండుసూది అంటే బడి గేటుకెదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ కూతురు. పదేళ్లు. మనిషి ఇంతే, గుచ్చుకుంటే తెలుస్తుంది. ఆ పేరు మా అక్క పెట్టింది. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా మా ముందు గదిలో ఏడుగురు పిల్లలకు ఇంగ్లీషు మాటలు చెబుతాను. వాళ్లలో అందరికంటే వెనక కూర్చుని అందరికంటే ముందు మాట్లాడేది ఇదే.

పోయిన వారం చెప్పిన మాట బారో. వాడుకుని తిరిగి ఇచ్చెయ్యడానికి తెచ్చుకోవడం. శుక్రవారం బడిలో తల్లిదండ్రుల సమావేశం. పెద్ద టీచరమ్మ ఉపన్యాసమంతా అయ్యాక, 'ఎవరికైనా ప్రశ్నలున్నాయా?' అందట. అలాంటప్పుడు ఎవరూ అడగరనే ధైర్యంతోనే ఎవరైనా అలా అంటారు. ఇది లేచి నిలబడింది.

'మేడమ్, యూ బారో అవర్ ఫ్యాన్. వెన్ రిటర్న్?'

బడి తెరిచిన వారంలోనే అయిదో తరగతి గదిలో ఫ్యాను విప్పించి ఆవిడ తన ఆఫీసులో బిగించుకుంది. ఆ రోజు పిల్లలతో, 'జస్ట్ బారోయింగ్, చిల్డ్రన్, టూ మంత్స్' అంది. ఇప్పటికి తొమ్మిది నెలలు. తొమ్మిది నెలల్లో మనుషులే తయారై బయటికొస్తారు, ఫ్యాను రాలేదు.

ఇవాళ పొద్దున గేటు దగ్గరే ఆపేశారు. సాయంకాలం పాఠం చెప్పే ముసలాయన వచ్చి, పిల్లకు నేర్పింది తప్పని కాగితం రాసిస్తేనే లోపలికి రానిస్తారట. పదిహేడో తారీఖు నుంచి ఏడాది పరీక్షలు.

ఇదంతా గుండుసూదే చెప్పింది, వాళ్లమ్మ కొంగు వెనక నిలబడి, నేను నేర్పిన పద్ధతిలోనే: ఎవరితో అన్నాను, ఎక్కడ అన్నాను, ఏం జరిగింది. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. నేను పదికి పది వేశాను.

వాళ్లమ్మ నా వంక చూసిన చూపుకు ఇస్త్రీ పెట్టె అక్కర్లేదు.

మార్చి 4

ఎవరు చదువుతారని ఈ సంగతులన్నీ రాస్తున్నాను? ఎవరూ చదవరు. అలవాటు. లిఫ్టులో ఒక్కడే మనిషి ఎక్కినా, ఎక్కకపోయినా, మాట్లాడుతూనే ఉండేవాణ్ణి.

ఈ పుస్తకం కూడా లిఫ్టుదే. ప్రతి పేజీలో గళ్లు: సమయం, ఎక్కిన అంతస్తు, దిగిన అంతస్తు. ఉద్యోగం మానేసిన రోజున ఖాళీ పుస్తకాలు నాలుగు సంచిలో పడ్డాయి. ఎలా పడ్డాయన్నది ఇప్పుడెందుకు.

నా చదువు ఆరు అంతస్తుల చదువు. బడిలో నాలుగో తరగతి దాటలేదు, లిఫ్టులో ఆరో అంతస్తు దాకా వెళ్లాను. ఇంగ్లీషంతా అందులోనే. మొదటి అంతస్తులో ఒక మాట మొదలుపెట్టి మూడో అంతస్తులో దిగిపోయేవాళ్లు. మిగతా సగం ఇంకొకడు ఎక్కి చెప్పేవాడు. నిఘంటువు కొనుక్కున్నాను గానీ ఎందుకూ పనికిరాలేదు. 'యాక్చువల్లీ' అంటే అందులో 'నిజానికి' అని ఉంది. నా లిఫ్టులో 'యాక్చువల్లీ' అని మొదలుపెట్టిన ప్రతివాడూ ఆ వెంటనే అబద్ధమే చెప్పాడు. పదేళ్లు లెక్కపెట్టాను. 'సూన్' అంటే త్వరలో కాదు, నన్నిక అడగొద్దని. 'ఐ విల్ సీ' అంటే చూడనని.

అందుకే నా దగ్గర ఒకటే నియమం. అర్థం చెప్పినంత మాత్రాన మాట నీది కాదు. బయట మనుషుల మీద, మూడు చోట్ల వాడి రావాలి. వచ్చి పుస్తకంలో మూడు గళ్లు నింపాలి. ఎవరితో, ఎక్కడ, ఏం జరిగింది. అప్పుడే మాట నీదని టిక్కు పెడతాను. లేకపోతే అది నీ నోట్లో ఉన్న నా మాట. ఎరువు సొమ్ము.

గుండుసూదికి బారోలో రెండు అయ్యాయి. ఒకటి, పక్కవాడి రబ్బరు. రెండు, పెద్ద టీచరమ్మ ఫ్యాను. ఇంకోటి ఉంది.

మార్చి 5

ఆ కాగితం రాయను.

మార్చి 6

ఇస్త్రీ ఆవిడ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

'బాబాయ్, ఆ కాగితమేదో రాసిచ్చెయ్యండి. మీదేం పోయింది?'

'నాదేం పోదమ్మా. మాట పోతుంది. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది చెప్పు.'

'తప్పుందని నేనన్నానా? తప్పు లేకపోయినా తల వంచుకునే బతుకుతున్నాం. బట్టలకి మడత పెట్టేదాన్ని, మాటకు పెట్టలేనా? మీ పంతానికి నా పిల్ల పరీక్ష పోవాలా?'

'పంతం కాదు, పద్ధతి.'

'ఆ రెంటికీ తేడా ఇంగ్లీషులో ఉందేమో. మాకు తెలీదు.'

వెళ్లిపోయింది. వంటింట్లోంచి అక్క అంతా విన్నట్టుంది. కత్తెర రెండుసార్లు చప్పుడు చేసింది. గుడ్డ లేకుండా ఉత్తగాలిని కత్తిరిస్తే వచ్చే చప్పుడు అది. అరవై ఏళ్లుగా ఎరుగుదును.

మార్చి 7

బడికి వెళ్లాను. చొక్కా ఇస్త్రీ చేయించుకోకుండానే వెళ్లాను. ఏ మొహంతో చేయించుకోను?

పెద్ద టీచరమ్మ చెడ్డమనిషి కాదు. నాకు కుర్చీ ఇచ్చింది, మంచినీళ్లు తెప్పించింది. గదికి కిటికీ లేదు. నెత్తిన ఫ్యాను. దాన్ని చూడకూడదని ఎంత అనుకున్నానో అంత చూశాను. ఫ్యాను తిరుగుతుంటే మధ్యలో ఎర్రటి గాజులాంటి గీత. అదేమిటో నాకు తెలుసు. పిల్లలు బల్ల మీద బల్ల వేసుకుని ఎక్కి ఒక రెక్కకు గోళ్ల రంగుతో చుక్క పెట్టారు. తిరిగితే వలయమవుతుంది. ఫ్యాను తమ గదిలో ఉన్న ఆ నాలుగు రోజులూ, లెక్కల పాఠం నడుస్తున్నంతసేపూ దాన్నే చూసేవాళ్లమని గుండుసూది నాకు చెప్పింది.

'యాక్చువల్లీ...' అంది ఆవిడ.

నేను సర్దుకుని కూర్చున్నాను.

'యాక్చువల్లీ ఫ్యాను సంగతి కాదండీ. క్రమశిక్షణ సంగతి. అంతమంది ముందు.'

టైపు చేసిన కాగితం ఒకటి ముందుకు తోసింది. తగని మాటలు నేర్పినందుకు విచారిస్తున్నానని, కింద నా సంతకానికి చోటు.

'ఇందులో తగని మాట ఏదమ్మా? బారోనా?'

'బారో మంచి మాటే. మా పుస్తకంలోనూ ఉంది, పదమూడో పేజీ. దాన్ని నా మీద వాడటం తప్పు.'

'మనుషుల మీద వాడకపోతే మాటెందుకమ్మా? అద్దాల బీరువాలో పెట్టుకోడానికా?'

'మీరు ఏం చదువుకున్నారు?'

'ఆరు అంతస్తులు.'

సంతకం పెట్టకుండానే లేచి వచ్చేశాను. ఉన్న మాటంటే ఉలుకెక్కువ. దారి పొడుగునా నవ్వుకున్నాను. ఇస్త్రీ బండి దగ్గర మాత్రం అవతలి పక్కకు మారి నడిచాను. ఎండగా ఉందని.

మార్చి 8

గుండుసూది మధ్యాహ్నమే వచ్చింది. దానికి ఇప్పుడు బడి లేదు కదా. నా ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచింది.

'తాతా, మీకు బారో ఉందా?'

'నేర్పిందే నేను కదే.'

'నేర్పడం కాదు. మూడు చోట్ల వాడారా? ఎవరితో, ఎక్కడ, ఏం జరిగింది? చెప్పండి, రాస్తాను.'

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఎవరి దగ్గరైనా ఏదైనా పుచ్చుకోకుండా ఉంటానా? గొడుగు. అవును, నాలుగో అంతస్తు గుమాస్తా గొడుగు. ఇచ్చేశానా? వాన తగ్గింది, ఆయన బదిలీ అయ్యాడు. అది లెక్కలోకి రాదు. ఇంకేముంది? బుర్ర గోక్కుంటూ కూర్చున్నాను.

వంటింట్లోంచి అక్క గొంతు: 'నా గది చెప్పరా.'

'ఏ గది అమ్మమ్మా?'

'మీరు కూర్చున్న గదే తల్లీ. అది నా కుట్టు గది. మీ తాత రెండు నెలలకని తీసుకున్నాడు.'

'ఎప్పుడు?'

'తొమ్మిదేళ్లయింది.'

గుండుసూది రాసింది. ఎవరితో: అమ్మమ్మ. ఎక్కడ: ఈ గది. తర్వాత పెన్సిలు ఎత్తి నా వంక చూసింది.

'ఏం జరిగింది తాతా?'

నాకు పని గుర్తొచ్చి లేచాను.

మార్చి 9

అది వేరు.

ఎందుకు వేరో రాసుకుంటాను. ఒకటి, అక్క నా తోడబుట్టినది. రెండు, ఆవిడ ఎన్నడూ అడగలేదు. మూడు, పిల్లల చదువు గొప్పదా, జాకెట్లు కుట్టడం గొప్పదా?

మూడోది రాశాక నాకే బాగాలేదు. మా నాన్న పోయాక ఆ జాకెట్లు కుట్టి అక్క నన్ను పెంచింది. నా నాలుగో తరగతి దాకా ఫీజు ఆ కుట్టుమిషనే కట్టింది.

మిషను ఇప్పుడు వంటింట్లో పొయ్యి పక్కన ఉంది. దాని మీద పాత దుప్పటి, దుప్పటి మీద డబ్బాలు. కుట్టాలంటే ముందు డబ్బాలు దించాలి. వెలుతురు చాలదని అక్క ఇప్పుడు పెద్ద పనులు ఒప్పుకోదు. చిరుగులు, గుండీలు, అంతే. వెలుతురు ఈ ముందు గదిలోనే ఉంది. అందుకే కదా పిల్లలకు బాగుంటుందని నేను తీసుకున్నది.

కూరలో అప్పుడప్పుడూ దారం ముక్క వస్తుంది. తీసి పళ్లెం అంచున పెడతాను. తొమ్మిదేళ్లుగా పెడుతున్నాను. ఒక్కనాడైనా ఎందుకొచ్చిందని అడగలేదు.

మార్చి 10

అది వేరు.

మార్చి 11

పొద్దున ఎనిమిదింటికి పాలకని వెళ్లి చూశాను. ఇస్త్రీ బండి దగ్గర గుండుసూది సబ్బు డబ్బా మీద నిలబడి రెండు చేతులతో పెట్టె తోస్తోంది. అవి వాళ్ల బడి చొక్కాలు. వాళ్ల తరగతివే. ఒక్కొక్కటి మడత పెడుతూ పేరు చెబుతోంది, హాజరు వేసినట్టు. 'ఇది మొదటి బెంచీ పొడుగోడిది. ఇది సిరా మరకల దానిది.' వాళ్లంతా ఆ చొక్కాలే తొడుక్కుని దాని ముందు నుంచే గేటులోకి వెళ్తారు.

వాళ్లమ్మ నన్ను చూసి కూడా చూడనట్టు బొగ్గులు ఎగదోసింది.

అక్కడికక్కడే అన్నాను: 'సంతకం పెట్టేస్తానమ్మా. ఇవాళే.'

గుండుసూది పెట్టె నిలబెట్టింది. 'మీరు పెడితే నేను పుస్తకంలో కొట్టెయ్యాలి. నేను కొట్టెయ్యను.'

'పరీక్షే పిచ్చిదానా!' అంది తల్లి.

'కొట్టెయ్యను. నేను అన్నది కరెక్టే. తాత పదికి పది వేశాడు.'

పదికి పది వేసినవాడు పాల గిన్నెతో నిలబడి ఉన్నాడు, తేలు కుట్టిన దొంగలా. గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. తెలియకేం? తెలుసు. ఎర్రటి వైపు పైకి పెట్టుకుని కూర్చుంటుంది, అంతే.

వేరు కాదు.

మార్చి 12

ఇవాళ గది ఖాళీ చేశాను.

నల్లబల్ల, చాపలు, సుద్దముక్కల డబ్బా, నా ఎత్తుపీట, అన్నీ బయట మెట్ల దగ్గరికి. ఎత్తుపీట లిఫ్టులో నేను కూర్చున్నదే. అది కూడా సంచిలో పడిందా అంటే, సంచిలో పట్టదు. భుజాన పడింది. ఆ భవనాన్నిప్పుడు కూల్చేశారు. ఎవరికి రిటర్న్ చెయ్యను? నా గళ్లలో పుస్తకాలూ, పీటా, ఈ రెండూ అలాగే ఉండిపోతాయి.

మిషను ఇనుప కాళ్లది. నేనొక్కణ్ణి కదపలేకపోయాను. ఇస్త్రీ ఆవిడ పిలవకుండానే వచ్చి రెండో వైపు పట్టింది. గుండుసూది ముందు నడుస్తూ 'గడప, గడప' అని అరిచింది. పాత దుప్పటి తీస్తే చక్రం మెరుస్తోంది. అంటే ఇన్నేళ్లూ అక్క నూనె వేస్తూనే ఉందన్నమాట. ఎప్పుడు వేసిందో నేను చూడలేదు.

అక్క గుమ్మంలో నిలబడింది.

'ఏమిట్రా ఇది?'

'నీ గది. తెచ్చి ఇస్తున్నాను.'

'ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా?'

'గుర్తు ఎప్పుడూ ఉందక్కా. నువ్వు అడగలేదని...'

'అడిగి తీసుకున్నవాడు ఒకరు అడిగితేనే ఇస్తాడట్రా? నువ్వు నేర్పే ఇంగ్లీషులో అలాగే ఉందా?'

లేదు. పదమూడో పేజీలో కూడా లేదు.

కూర్చుంది. కిటికీ వెలుతురు చేతుల మీద పడేలా మిషనును బెత్తెడు జరిపించింది. గుండీ డబ్బా అడిగింది, ఇచ్చాను. చాలాసేపు ఏమీ కుట్టలేదు. అరచేత్తో బల్లను తుడుస్తూ కూర్చుంది.

'ఫ్యాను ఒక్కటి బాకీ కదా ఇక,' అంది. 'రేపు నేనూ వస్తాను.'

మార్చి 13

కాగితం నేనే రాశాను. ఇంగ్లీషులో, నేను మూడు చోట్ల వాడిన మాటలతో మాత్రమే. అందుకే చిన్నది. దాని తెలుగు ఇది:

'మేడమ్, నా పాఠంలో తప్పు ఉంది. నేను బారో నేర్పాను. కానీ మా అక్క గదిని తొమ్మిదేళ్లు బారో చేసి రిటర్న్ చెయ్యలేదు. నిన్న రిటర్న్ చేశాను. కష్టం, కానీ ఒక్క పూట పని. ఇప్పుడు నా పాఠంలో తప్పు లేదు. పిల్ల ప్రశ్నలో మొదటి నుంచీ లేదు. నిచ్చెన కావాలంటే మా ఇంట్లో ఉంది.'

ఆఫీసులో గుమాస్తా, ఇద్దరు తల్లులు ఉన్నారు. నేను నిలబడి గట్టిగా చదివాను. లిఫ్టు గొంతుతో, ఆరు అంతస్తులకు వినిపించేలా. పెద్ద టీచరమ్మ మొహం ఆ ఎర్ర చుక్క రంగుకు తిరిగింది.

'నేను అడిగిన కాగితం ఇది కాదు.'

'నా దగ్గరున్న కాగితం ఇదొక్కటే. తప్పు ఒప్పుకోమన్నారు, ఒప్పుకున్నాను. నా తప్పు. ఆ పిల్లది కాదు.'

అక్క అప్పటిదాకా పైకి చూస్తూ కూర్చుంది. 'ఆ ఎర్ర గాజు ఎంత బాగుందమ్మా,' అంది. 'మా గుండుసూది వాళ్లు పెట్టిందట. మీరెప్పుడైనా తల ఎత్తి చూశారా?'

ఆవిడ తల ఎత్తింది. చూసింది. దించింది.

'ఈ గదిలో పాత ఫ్యాను కాలిపోయింది,' అంది మెల్లగా. ముందు యాక్చువల్లీ లేదు. 'కొత్తది కావాలని మూడుసార్లు పైకి రాశాను. జవాబు లేదు. నేనూ రెండు నెలలే అనుకున్నాను.'

ఆ మాట నాది. అచ్చం నాది. వేరే నోట వింటే ఎలా ఉంటుందో ఇవాళ తెలిసింది. ఆవిడ మీద కోపం అక్కడే సగం దిగిపోయింది. మిగతా సగం దింపలేదు. పిల్ల ఇంకా గేటు బయటే ఉంది.

'నాకు అడిగేవాళ్లు లేక తొమ్మిదేళ్లు పట్టిందమ్మా. మీకు పదేళ్ల పిల్ల ఉంది, మొహం మీదే అడిగింది. మీరు అదృష్టవంతులు,' అన్నాను.

'ఐ విల్ సీ,' అంది.

మార్చి 14

కబురు లేదు. మెట్ల మీద పాఠం చెప్పాను. మేడ మీదికి వచ్చేపోయేవాళ్లు మధ్యలోంచి వెళ్తున్నారు. బాగానే ఉంది. ఎక్కేవాళ్ల మధ్య, దిగేవాళ్ల మధ్య నాకు చెప్పడం వచ్చు.

పదిహేడుకు పిల్లను లోపలికి రానివ్వకపోతే గేటుకెదురుగా, ఇస్త్రీ బండి పక్కన నల్లబల్ల పెడతాను. అక్కణ్ణుంచి ఆఫీసు గదికి వినపడుతుంది. కిటికీ లేకపోయినా.

మార్చి 15

గుమాస్తా బండి దగ్గరికి వచ్చి పిల్లను పరీక్షకు పంపమన్నాడట. ఇంకేమీ చెప్పలేదట. ఇస్త్రీ ఆవిడ నా చొక్కాలు రెండూ పట్టుకుపోయింది. వద్దన్నా వినలేదు.

మార్చి 17

సాయంత్రం గుండుసూది మెట్లన్నీ ఒక్క దూకులో ఎక్కింది. పుస్తకం ముందే నింపుకుని వచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

ఎవరితో: పెద్ద టీచరమ్మతో. ఎక్కడ: మా తరగతిలో. ఏం జరిగింది: ఫ్యాను వచ్చింది. 'యాక్చువల్లీ పరీక్షలకు పెడదామని ఎప్పుడో అనుకున్నాం' అన్నారు. నేను 'థాంక్యూ ఫర్ రిటర్న్, మేడమ్. యూ కెన్ బారో ఆఫ్టర్ ఎగ్జామ్, ఆస్క్ ఫస్ట్' అన్నాను. ఆమె నవ్వారు. కొంచెమే.

'స్పీడు తగ్గించేది ఆఫీసులోనే ఉండిపోయింది తాతా. ఫ్యాను ఒకటే స్పీడు, ఫుల్లు. పేపర్లన్నీ ఎగిరిపోయాయి! అందరం వాటి మీద నీళ్ల సీసాలు పెట్టుకుని రాశాం.'

'ఎర్ర గాజు?'

'ఉంది. ఇప్పుడు ఇంకా సన్నగా కనిపిస్తోంది.'

టిక్కు పెట్టాను. పెన్సిలుతో కాదు, సిరాతో.

మార్చి 20

అక్కకు పెద్ద పని వచ్చింది, బడి పిల్లల నాటకానికి పదకొండు అంగీలు. మిషను పొద్దుటి నుంచి ఆగలేదు. మొన్న తల కిటికీలోంచి బయటికి పెట్టి, 'ఒరేయ్, నాకు కుర్చీ ఎత్తు చాలట్లేదు. నీ ఎత్తుపీట బారో ఇస్తావా? రెండు రోజులు' అంది. ఎంతో మర్యాదగా, పిల్లలందరి ముందూ.

ఇచ్చాను.

ఇవాళ మూడో రోజు. గంటసేపు నిలబడే పాఠం చెప్పాను. మోకాళ్లు పట్టేశాయి. గుండుసూది నన్నూ, కిటికీనీ మార్చి మార్చి చూసి, తన పుస్తకంలో నా పేరున ఒక కొత్త వరస గీసింది. మూడో గడి, 'ఏం జరిగింది' అన్నది, ఖాళీగా ఉంచింది.

రేపు అయిదింటికి అడుగుతాను. అందరి ముందే.